ఉతుకు గది బాగుంది

ఏప్రిల్ 3, ఆదివారం

శీతాకాలమంతా మూసి ఉంచి ఇవాళే హాలు, అంటే ఒకప్పటి దొరల భవనం, తలుపులు తీశారు. వాన. అయినా జనం వచ్చారు, తడిసిన కుక్కలతో సహా.

నా ఉతుకు గదిలోకి మొదట తొంగిచూసినవాడు సభ్యుడు. ఈ హాలుని నడిపే పాత ఇళ్ళ సంఘం సభ్యులని నేను నడకని బట్టే గుర్తుపడతాను. టికెట్ కొన్నవాళ్ళు పెట్టిన డబ్బు గిట్టాలని ప్రతి గదిలోనూ ఆగి ఆగి చూస్తారు. సభ్యులు మాత్రం అద్దెకిచ్చిన సొంతింటిని తనిఖీ చేయడానికి వచ్చినట్టు వస్తారు.

"ఇందులో ఏముంది?" అన్నాడు గుమ్మంలోంచే.

"నీళ్ళు కాచే రాగి కాగు, బట్టలు పిండే మర, దండేలు, ఇస్త్రీ పెట్టెలు" అన్నాను.

"అంటే బట్టలుతికే చోటన్నమాట."

"అన్నమాటేం లేదండీ, బట్టలుతికే చోటే."

ఊఁ అనేసి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ గుమ్మం పక్కన పెట్టెలో అభిప్రాయ కార్డు వేసి మరీ పోయాడు. వీళ్ళకి తుమ్మినా దగ్గినా అభిప్రాయమే.

పొయ్యి వెలిగించకపోయినా ఆ గదిలో ఇప్పటికీ సబ్బు వాసన వస్తుంది. అమ్మ పదిహేనో ఏట చేరి పెళ్ళయ్యేదాకా ఆ కాగు ముందే నిలబడింది. నేను పోస్టాఫీసు ఉద్యోగం మానిన వారమే వచ్చి, జనానికి గది చూపించే పనికి నిలబెడితే ఆ గదిలోనే నిలబెట్టండి, లేకపోతే వద్దన్నాను. గురువారాలు, ఆదివారాలు. జీతం లేదు. మెడలో పేరు బిళ్ళ, మధ్యాహ్నం ఒక టీ. చాలు నాకు. ఆ రెండు రోజులు లేకపోతే మిగతా ఐదు రోజులూ ఎందుకొస్తాయో కూడా నాకు తెలీదు.

ఏప్రిల్ 7, గురువారం

మీటింగు. పిలిచింది టాంసిన్, హాలు మేనేజరు. ముప్ఫై ఏళ్ళుంటాయి. మంచి పిల్లే గానీ నవ్వు ఆపదు. బాధపెట్టే మాట చెప్పాల్సి వస్తే ఇంకా ఎక్కువ నవ్వుతుంది.

ఇవాళ తెగ నవ్వింది. ఉన్న టీ గది చాలడం లేదట. పెరటివైపు గదుల్లో ఒకటి తీసేసి రెండో టీ గది చేస్తారట. ఉతుకు గది పోవాలా, పాల గది పోవాలా అన్నది ఈ వేసవిలో వచ్చే కార్డులు చూసి తేలుస్తారట.

"ఇది మా నిర్ణయం కాదు ఈనిడ్ గారూ, సందర్శకులదీ సభ్యులదీ" అంది.

"అంటే, దారిన పోయేవాళ్ళది" అన్నాను.

పాల గదిలో నిలబడే ప్రూ కిసుక్కున నవ్వింది. నా పక్కనే కూర్చుంది, మెడకి పూల రుమాలు చుట్టుకుని, పెళ్ళికొచ్చినట్టు.

తర్వాత టాంసిన్ గోడ మీద ఎర్రవీ పచ్చవీ బొమ్మలు వేసి, కార్డులు ఎలా లెక్కపెడతారో చెప్పడం మొదలుపెట్టింది. అప్పటికి అందరి కప్పులూ ఖాళీ. ఒక్కరంటే ఒక్కరు లేవరే! చివరికి నేనే లేచి కెటిల్ పెట్టడానికి వెళ్ళాను. టీ కలిపి తెచ్చేసరికి బొమ్మలు అయిపోయాయి. ఏముంటుంది దాంట్లో, లెక్కే కదా. జీవితమంతా పోస్టాఫీసు కౌంటర్లో లెక్కలే చూసిన దాన్ని.

ఏప్రిల్ 8, శుక్రవారం

నాకేం బాధ లేదు. గది వాళ్ళది, ఇష్టం వాళ్ళది.

ఏప్రిల్ 14, గురువారం

లైబ్రరీ కంప్యూటర్లో మన హాలు గురించి జనం ఏం రాస్తున్నారో చూశాను. చూడకుండా ఉండాల్సింది.

"పార్కింగు బాగుంది. ఇల్లు మరీ పెద్దది."

"అంతా పనివాళ్ళ గోలే. దొరల గురించి విందామని వచ్చాం." దాని కిందే ఇంకొకడు: "అంతా దొరల గొప్పలే. పనివాళ్ళ ఊసే లేదు." ఇద్దరూ వచ్చింది ఒకే రోజు.

"లోపలంతా చీకటి. దీపాలు వేసుకోడానికి కూడా గతి లేదా?" ఎండ తగిలితే పరదాలు వెలిసిపోతాయని కిటికీలు మూస్తాం నాయనా. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

"కుర్చీ మీద ఎండిన ముళ్ళపువ్వు పెట్టారు. చూసుకోకుండా కూర్చున్నాను. ఎవరిది బాధ్యత?" నీది. ముల్లు పెట్టిందే నువ్వు కూర్చోకూడదని.

"బాతు మా పాప చేతిలో బిస్కెట్టు లాక్కుంది. ఒక నక్షత్రం."

నా గది గురించి ఒక్కడే రాశాడు. "వెనకాల ఏదో తడి గది ఉందట. మేము వెళ్ళలేదు."

వెళ్ళకుండానే అభిప్రాయం! భేష్.

ఏప్రిల్ 24, ఆదివారం

పాల గదికి వెళ్ళాను. ప్రూ ఏం చెబుతోందో విందామని.

జనం గుంపుగా చుట్టూ మూగారు. ప్రూ గొంతు తగ్గించి చెబుతోంది. ఎవడో సిపాయిని ప్రేమించి మోసపోయిన పాలపిల్ల ఉందట. ఆ రాతి బల్ల మీదే ప్రాణం వదిలిందట. ఇప్పటికీ పొద్దుటిపూట వెన్న చిలికే చప్పుడు వినిపిస్తుందట. నాకు తెలిసి ఆ గదిలో ప్రాణం వదిలినవి ఎలుకలే.

అందరూ పోయాక అడిగాను, "ఎందుకే ఈ అబద్ధాలు?"

"అబద్ధం కాదు బంగారం, సరదా" అంది. "నువ్వూ ఏదో ఒకటి చెప్పు. మీ అమ్మ వేలు సంగతి చెప్పు. చాలా బాగుంటుంది. చాలా ఏడిపిస్తుంది."

"మా అమ్మ వేలు అమ్ముకోను" అన్నాను.

ప్రూకి ప్రతిదీ 'చాలా'నే. చాలా అందం, చాలా దుఃఖం, చాలా రుచి. ఆ ఒక్క మాట లాక్కుంటే మనిషి మూగదైపోతుంది. మా ఇంట్లో ఇలాంటి వేషాలు సాగేవి కావు. అమ్మకి ఏదైనా నచ్చితే "ఫరవాలేదు" అనేది. నాన్న ఒకే ఒక్కసారి కేకు తిని "బాగుంది" అన్నాడు. అమ్మ ఆ మాట పోయేదాకా చెప్పుకుంది. బాగుంది అంటే మా దగ్గర అంత విలువ.

మే 5, గురువారం

ఒక కుటుంబం వచ్చింది. ఏడెనిమిదేళ్ళ పిల్ల తాడు దాటి లోపలికెళ్ళి, పిండే మర రెండు రోలర్ల మధ్యా చెయ్యి పెట్టింది. వాళ్ళ నాన్న రెండో వైపు నిలబడి పిడి తిప్పబోతున్నాడు, ఫోన్లో వీడియో తీస్తూ.

"చెయ్యి తియ్" అన్నాను.

పిల్ల తీసింది. అంతే జరిగింది. నేనేం అరవలేదు.

మే 8, ఆదివారం

అరిచానట.

కంప్యూటర్లో ఉంది. "ఉతుకు గదిలో ఎండిపోయిన ముఖం పెట్టుకుని ఒకావిడ నిలబడి ఉంటుంది. మా అమ్మాయి మీద గయ్యిమని లేచింది. పిల్ల రెండు రోజులు నిద్రపోలేదు. ఇలాంటివాళ్ళని ఎందుకు పెడతారు?"

ఇది నా గురించి కాదేమో అనుకున్నాను కాసేపు. తీరా చూస్తే ఉతుకు గదిలో ఉండేది నేనొక్కదాన్నే.

రెండు రోజులు నిద్రపోలేదట. అమ్మ ఎన్ని రోజులు నిద్రపోలేదో మీకు తెలుసా? దుప్పటి అంచుతో పాటు ఎడమచేతి వేలు లోపలికి పోయింది. పక్కనున్న పిల్ల పిడి ఆపేలోపు పై కణుపు నుజ్జయిపోయింది. దొరసాని చీటీ రాసి పంపింది, దుప్పటి మీద మరకలు పోయేలా చూడమని. ఆ చేత్తోనే మమ్మల్నిద్దరినీ పెంచింది. ఆ చేత్తోనే నాకు జడ వేసేది. ఆ మొండి వేలు చెవి వెనక తగిలేది.

నా ముఖం ఎండిపోయిందా! ఒరేయ్, నా ముఖం పుట్టినప్పట్నించీ ఇంతే.

మే 19, గురువారం

టాంసిన్ మధ్యాహ్నం టీ వేళకి వచ్చి పక్కన కూర్చుంది. నవ్వుతోంది, అంటే ఏదో ఉంది.

"ఈనిడ్ గారూ, జనానికి మనుషుల కథలు కావాలి. మీ అమ్మగారు ఇక్కడే పనిచేశారు కదా? మీరు అది చెబితే..."

"చెప్పను."

"వాళ్ళ మనసు గెలుచుకోవాలంటే..."

"వాళ్ళ మనసులు నాకెందుకమ్మా? గది చూసి పొమ్మను."

టీ కప్పు కింద పెట్టింది. తర్వాత చాలా మెల్లగా అంది, "నాకు ఈ గది ఉండాలనే ఉందండీ." అప్పుడు మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల అలా నవ్వకుండా అనకపోతే నేను ఇంత ఆలోచించేదాన్ని కాదు.

జూన్ 9, గురువారం

చెప్పాను.

ఎందుకు చెప్పానో తెలీదు. పొద్దుటి నుంచీ ఎవరూ రాలేదు. పాల గదిలోంచి కేరింతలు వినిపిస్తున్నాయి. చివరికి ఒక జంట వచ్చింది, అబ్బాయి మెడలో పెద్ద కెమెరా. "ఈ మరతో ఏం చేసేవాళ్ళు?" అని అమ్మాయి అడిగింది, మర్యాదగానే. మొదలుపెట్టాక ఆపలేకపోయాను. వేలు, మరకలు, చీటీ, అన్నీ చెప్పేశాను.

"అయ్యో దేవుడా" అంది అమ్మాయి. "ఆ మర పక్కన నిలబడతారా, ఒక ఫోటో తీస్తాం?"

నిలబడ్డాను. నిలబడి నవ్వాను కూడా! ఛీ.

జూన్ 12, ఆదివారం

కార్డు వచ్చింది. 'చాలా బాగుంది' గడిలో పెద్ద టిక్కు. పక్కన ఆశ్చర్యార్థకాలు. కింద రాశారు, "చాలా చాలా బాగుంది! వేలు కథ అదిరిపోయింది!"

టాంసిన్ ఆ కార్డు పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. "చూశారా! ఇది గోడ మీద బోర్డు రాయిద్దామండీ."

"మా అమ్మ గురించి గోడ మీద ఒక్క అక్షరం రాసినా నేను రేపట్నించి రాను" అన్నాను.

"సరే, సరే" అని ఫోన్లో ఏదో రాసుకుంది.

అదిరిపోయిందట. ఇక జన్మలో ఎవరికీ చెప్పను.

జూన్ 26, ఆదివారం

చెప్పలేదు. ముగ్గురడిగారు, ఆ ఫోటో ఎక్కడో చూసి. "ఇక్కడేనా వేలు తెగింది?" తెలీదన్నాను.

జూలై 14, గురువారం

టాంసిన్ చెప్పింది. నా గదికి వచ్చే జనం తక్కువే గానీ, వచ్చినవాళ్ళ మార్కుల్లో పాల గదికీ నాకూ పెద్ద తేడా లేదట. ఇంకా చెప్పాలంటే నేనే పిసరంత ముందున్నానట! ప్రూకి చెప్పొద్దంది.

చెప్పలేదు. ఊరికే పాల గది వైపు రెండుసార్లు నడిచాను.

జూలై 17, ఆదివారం

సాయంత్రం సిరిల్ అన్నయ్య ఇంటికెళ్ళాను. ఎనభై దగ్గర పడుతున్నా ఇంకా పచ్చిక మీద బంతులు దొర్లించే వాళ్ళ బంతాట క్లబ్బుకి కార్యదర్శి. మా ఊళ్ళో వాడి మాటంటే అందరికీ గురి.

"అన్నయ్యా, నాకు జనం కావాలి" అన్నాను.

"దేనికి? ఎవరినైనా కొట్టాలా?"

"ఉతుకు గది చూసి కార్డు వెయ్యాలి. ఇప్పుడు కాస్త ముందున్నాం. ఇంకో నాలుగు మంచి మాటలు పడితే గది నిలబడుతుంది."

వాడు పైపు నింపుకున్నాడు. అమ్మ పోయాక వాడు ఆ హాలు గేటు కూడా దాటలేదు. నేను ఎన్నిసార్లు పిలిచినా, మోకాళ్ళనేవాడు.

"బంతాటవాళ్ళని తెస్తాను. చర్చిలో గంటలు మోగించేవాళ్ళని కూడా" అన్నాడు. "ఏం రాయాలి?"

"ఉన్నదే రాయమను. అతి చెయ్యొద్దని మాత్రం చెప్పు. ప్రూ బాపతులా ప్రతిదానికీ చాలా చాలా అని ఊగిపోతే, మనం తీసుకొచ్చిన జనమని ఇట్టే కనిపెట్టేస్తారు."

"మనవాళ్ళకి అది చెప్పాలా?" అన్నాడు.

ఆగస్టు 7, ఆదివారం

ఇవాళ్టి సంగతి నెమ్మదిగా రాస్తాను.

బస్సు నిండా వచ్చారు. బంతాట ముసలాళ్ళందరూ క్లబ్బు టైలు కట్టుకుని మరీ వచ్చారు. గంటలవాళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, కసాయి కొట్టు నోరా, ఆవిడ చెల్లెలు. గదిలో ఊపిరాడలేదు. ఒక్కరు కూడా తాడు దాటలేదు. ఒక్కరు కూడా టీతో తినే స్కోన్ రొట్టెలు ఎక్కడ దొరుకుతాయని అడగలేదు. దండేలు పైకి లాగే తాళ్ళు చూశారు, కాగు అంచు అరిగిన చోట చూశారు. "మా అమ్మమ్మకి ఇలాంటి ఇస్త్రీ పెట్టె ఉండేది" అని నోరా అంది, అంటూనే ముక్కు తుడుచుకుంది. వాళ్ళకి నేనేం చెప్పక్కర్లేకపోయింది.

సిరిల్ అందరూ అయ్యాక లోపలికొచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మర ముందు నిలబడ్డాడు.

"ఇదేనా?" అన్నాడు.

"ఇదే."

వేళ్ళతో పై రోలరు మీద మెల్లగా తట్టాడు, గుర్రాన్ని తట్టినట్టు. వాడి భుజాలు ఊగడం చూసి నేను కిటికీ వైపు తిరిగాను. వాడు ఏడవడం నేను ఇంతవరకూ చూడలేదు. అమ్మ పోయినప్పుడు కూడా వాడు కుర్చీలు సర్దుతూనే ఉన్నాడు. తర్వాత టోపీ పెట్టుకుని, ముక్కు చీది, "వాన వచ్చేలా ఉంది" అన్నాడు.

"వచ్చేలానే ఉంది" అన్నాను.

బయట ఒకరి వెనక ఒకరు వరుసలో నిలబడి కార్డులు నింపారు, ఓట్లేసినట్టు. పెట్టె నిండిపోతే టాంసిన్ ఇంకో పెట్టె తెచ్చింది.

నాకు ఇంత మంచి రోజు మళ్ళీ వస్తుందని అనుకోలేదు.

ఆగస్టు 8, సోమవారం

ఇవాళ కేకు చేశాను. అమ్మ చేసే రకం. ఫరవాలేదు.

సెప్టెంబరు 8, గురువారం

టాంసిన్ తన గదికి పిలిచింది. నవ్వడం లేదు. అప్పుడే తెలిసిపోయింది నాకు.

"ఉతుకు గదేనండీ" అంది. "నాకు చాలా బాధగా ఉంది."

"ఎలా? మేం ముందున్నాం అన్నావు కదా?"

కంప్యూటర్ ఇటు తిప్పింది. ఏప్రిల్లో గోడ మీద వేసిన అవే రంగుల బొమ్మలు. పచ్చ రంగు, 'చాలా బాగుంది' అన్నవాళ్ళు. మిగతాదంతా ఎరుపు.

"'బాగుంది' ఏ రంగు?" అన్నాను.

"ఎరుపే."

"'అస్సలు బాగోలేదు'?"

"అదీ ఎరుపేనండీ. సంఘం లెక్కలో ఒక్క 'చాలా బాగుంది'నే మనసు గెలుచుకున్నట్టు. మిగతావాళ్ళు మళ్ళీ రారని లెక్క. ఏప్రిల్ మీటింగులో ఇదంతా చెప్పాను కదా ఈనిడ్ గారూ?"

నేను అప్పుడు టీ పెడుతున్నాను.

ఆగస్టు ఆరు వరకూ బొమ్మ పచ్చగానే ఉంది. ఏడున నిలువునా ఎరుపెక్కింది. బస్సు నిండా వచ్చినవాళ్ళు, క్లబ్బు టైలు కట్టుకుని వచ్చినవాళ్ళు, ముక్కు తుడుచుకున్నవాళ్ళు, అందరూ 'బాగుంది'.

"ఆ రోజు ఎవరో అసంతృప్తిగా ఉన్న గుంపు వచ్చినట్టుంది" అంది పాపం పిల్ల. "ఎవరో ఏమో."

"ఎవరో ఏమో" అన్నాను.

సెప్టెంబరు 9, శుక్రవారం

సిరిల్‌కి ఫోన్ చేశాను.

"నువ్వేం పెట్టావు?"

"దేంట్లో?"

"కార్డులో! ఏ గడిలో గీశావు?"

"బాగుంది అన్నదాంట్లో."

"ఏడ్చావు కదరా అక్కడ నిలబడి! అమ్మ మర పట్టుకుని ఏడ్చావు కదా! 'బాగుంది' కూడా వాళ్ళకి ఎరుపేనట! 'చాలా' అని గీయడానికి నీకేం రోగం?"

అవతల పైపు బల్లకేసి తట్టిన చప్పుడు. తర్వాత అన్నాడు, "ఏడ్చాను కదమ్మాయ్. ఇంకా పైన గీత కూడా గీయాలా?"

ఫోన్ పెట్టేశాను. వాణ్ణని ఏం లాభం. అతి చెయ్యొద్దని చెప్పింది నేను. వాడు నా మాట ఊరంతా తిరిగి చెప్పి వచ్చాడు.

సెప్టెంబరు 11, ఆదివారం

ప్రూ వచ్చి కౌగిలించుకుంది. "చాలా చాలా అన్యాయం బంగారం" అంది. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. నిజంవే అనుకుంటాను. అది ఇంకా కోపం తెప్పించింది.

అక్టోబరు 30, ఆదివారం

ఆఖరి రోజు. ఇవాళ వచ్చిన ఒకావిడ, "ఇది తీసేస్తున్నారటగా, అయ్యో, నాకు ఎంతో ఇష్టం ఈ గది" అంది. కార్డు వెయ్యలేదు. టైము లేదట.

మరని పైనున్న గిడ్డంగికి మోసుకుపోతారట. కాగు కదలదు, గోడలో కలిపి కట్టేశారు. దాని మీద చెక్క వేసి కేకులు పెడతారట.

మెడలో బిళ్ళ తీసి టాంసిన్ చేతికిచ్చాను. పాల గదిలో ప్రూకి సాయంగా నిలబడతారా అని అడిగింది. నవ్వింది. నేను కూడా నవ్వాను. నిలబడనన్నాను.

నవంబరు 3, గురువారం

గురువారం.

డిసెంబరు 18, ఆదివారం

సంఘం నుంచి కార్డు. పండగ శుభాకాంక్షలు, మీ సేవలకి కృతజ్ఞతలు, ఈ ఏడాది మా దగ్గర మీ అనుభవం ఎలా ఉందో చెప్పండి. కింద ఐదు గడులు.

పొయ్యిలో వేశాను.

ఏప్రిల్ 2, ఆదివారం

వెళ్ళకూడదనుకున్నాను. సిరిల్ వచ్చి, "టీ తాగొద్దాం పద" అన్నాడు. వాడు నన్ను ఎక్కడికైనా పిలవడం ఇదే మొదలు. సభ్యత్వం ఎలాగూ ఉంది నాకు, జీవితాంతం, అన్నేళ్ళు జీతం లేకుండా నిలబడినందుకు. గేటు దగ్గర టికెట్ అబ్బాయికి నేనెవరో తెలీదు.

గోడలకి లేత పచ్చ సున్నం వేశారు. దండేలకి దీపాలు వేలాడదీశారు. సబ్బు వాసన లేదు, కాఫీ వాసన. కాగు మీద కేకులు. మరని గిడ్డంగికి పంపలేదు. నల్లగా రంగేసి, మెరిసేలా రుద్ది, గుమ్మంలో పెట్టారు. పక్కన బోర్డు.

"ఈ మరలో ఐవీ అనే పనిపిల్ల వేలు పోగొట్టుకుంది! గదిలో ఎక్కడో ఆ వేలు దాక్కుంది. పిల్లలూ, వెతికి పట్టుకోగలరా?"

చెక్కతో చేసిన వేళ్ళు. గులాబీ రంగేసి. ఒకటి కిటికీ మీద, ఒకటి కేకు గాజుమూత వెనక. పిల్లలు బల్లల కింద దూరుతూ అరుస్తున్నారు. "దొరికింది! ఐవీ వేలు దొరికింది!" ఒక తల్లి చప్పట్లు కొట్టింది. దొరికించుకున్నవాళ్ళకి బిస్కెట్టు.

సిరిల్ బోర్డు చదివాడు. మళ్ళీ చదివాడు. టోపీ తీశాడు, పెట్టుకున్నాడు.

"అమ్మ పేరు వాళ్ళకెవరు చెప్పారు?" అన్నాడు.

నేనే. ఆ కెమెరా జంటకి. వాళ్ళు ఆ ఫోటో కింద రాసే ఉంటారు.

టాంసిన్ మమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చింది. "ఈనిడ్ గారూ! మీరు వస్తే బాగుండునని ఎంత అనుకున్నానో! మీకు నచ్చిందా? మీ అమ్మగారిని ఇలా బతికించుకున్నాం. పిల్లలకి ఎంత ఇష్టమో చూడండి. ఈ వేసవి కార్డులు బాగా వస్తే ఇంకో హాల్లో కూడా ఇలాగే చేద్దామంటున్నారు."

"కార్డులు బాగా రాకపోతే?" అని అడిగాను.

"రాకపోవడమేంటండీ! అలా జరిగితే మొత్తం మళ్ళీ ఆలోచించుకోవాలి. పెద్దవాళ్ళు కార్డులు తప్ప వేరే మాట వినరు కదా" అని నవ్వింది.

తిట్టాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల ముఖం చూస్తే, నాకేదో పెద్ద బహుమతి ఇచ్చినట్టు వెలిగిపోతోంది. సిరిల్ నా మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఈ కుర్చీల మీద ముళ్ళపువ్వులు లేవు.

టీ వచ్చింది. స్కోన్ రొట్టెలు వచ్చాయి, వేడిగా, మీగడతో. మేమిద్దరం తిన్నాం. పళ్ళెం పక్కన కార్డు, పెన్సిలు. 'మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది.'

ఐదు గడులూ చూశాను. పెన్సిలు తీసుకున్నాను. అప్పుడు వెలిగింది నాకు.

"అన్నయ్యా, స్కోన్లు ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయి" అన్నాడు.

"నిజంగా?"

"నిజంగానే. ఎందుకలా అడుగుతావు?"

'బాగుంది' గడిలో శుభ్రంగా గీశాను. వాడి కార్డు కూడా వాడి ముందుకి తోశాను. వాడు గీశాడు, అదే గడిలో. నా ముఖం చూశాడు. మెల్లగా వాడికీ అర్థమైంది. అమ్మ పోయాక వాడు అంతలా నవ్వడం నేను చూడలేదు.

"ఎంతమందిని తెమ్మంటావు?" అన్నాడు.

"అందరినీ. ప్రతి ఆదివారం."

"ఏం రాయమనాలి?"

"ఏం చెప్పొద్దు. టీ తాగి, మనసులో ఉన్నదే గీయమను."

ఇంటికొచ్చేటప్పటికే వాడు నోరాకి ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారానికి బస్సు మాట్లాడుతున్నారు. స్కోన్లు మాత్రం బాగున్నాయి. అబద్ధం ఎందుకాడాలి.